కిరసనాయిల్లో కడిగిన రబ్బర్లు

పోయిన నెలలో ఒక ఆదివారం, వడ్లమూడి కాలేజీలో మోటారు వాహనాల గురించి పాఠం చెప్పే లెక్చరర్ గారొకరు మా కారు చూస్తామని బాపట్ల వచ్చారు. ముప్పై ఏళ్ళుంటాయేమో. చేతిలో చిన్న టార్చి, నోటి నిండా ప్రశ్నలు. మా ఇంటి పక్క రేకుల షెడ్డులో ఉన్న ఆ రెండు సీట్ల కారు ఇంగ్లండులో తయారైంది. దాని పేరు రాయను. రాస్తే చదివేవాళ్ళు ముందు ఫోను తీసి అది ఎంత పలుకుతుందో వెతుకుతారు, ఆ తర్వాత నేనేం చెప్పినా బుర్రకెక్కదు. ఆయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "మేడమ్, ఈ రంగు దీనిది కాదండి" అన్నారు. కాదు మరి. అది ఆయిల్ ఇంజన్లకు వేసే ఆకుపచ్చ రంగు. మా నాన్న దగ్గర ఆ రంగు డబ్బాలే ఉండేవి. కాళ్ళ కింది చెక్కలు రైస్ మిల్లులో ఊడదీసిన టేకు చెక్కలు, తలుపు పట్టీలు మిల్లు బెల్టు ముక్కలు, వానొస్తే కప్పే గుడ్డ ధాన్యం రాశి మీద కప్పే పరదాలో ముక్క. ఒక్కొక్కటి చెబుతుంటే ఆయన మొహం చిన్నబోతూ వచ్చింది. చివరికి వంగి చక్రం వెనక టార్చి వేసి, "బ్రేకులు ఎవరు చేశారండి?" అని అడిగారు. వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మా అమ్మకి ఎనభై మూడేళ్ళు. పిడుగు పడినా వినపడని మనిషికి ఆ మాట ఎలా వినపడిందో గానీ, "వాళ్ళ నాన్నే బాబూ! ఒకసారి బ్రేకు రబ్బర్లు కిరసనాయిల్లో కడిగి, నా కూతుర్ని చంపబోయాడు. నా అదృష్టం బాగుండి దక్కింది" అంది.

అమ్మ ఈ మాట నలభై ఏళ్ళ పైగా అంటోంది. చుట్టాలతో అంది, నా పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళతో అంది, నాన్న ఎదుటే కొన్ని వందలసార్లు అంది. నాన్న నవ్వి ఊరుకునేవాడు. ఆ మాటలో కిరసనాయిలు నిజం, రబ్బర్లు నిజం, నేను చావు దాకా వెళ్ళిరావడం నిజం. కడిగింది మాత్రం నాన్న కాదు, నేను. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు. ఎనిమిదేళ్ళ కిందట నాన్న పోయాక నా ఒక్కదానికే తెలుసు. ఆ లెక్చరర్ గారు నవ్వుతూ నా వైపు తిరిగేసరికి, అరవై రెండేళ్ళ దాన్ని, రిటైరైన టీచర్ని, ఇద్దరు మనవలున్న దాన్ని, ఎక్కడ దొరికిపోతానోనని షెడ్డు గుంజ పట్టుకుని నిలబడ్డాను.

అప్పట్లో మేము తెనాలిలో ఉండేవాళ్ళం. నాన్న ఆయిల్ ఇంజన్ల మేస్త్రీ. కాలవ గట్ల మీద పొలాలకు నీళ్ళు తోడే ఇంజన్లు, రైస్ మిల్లు ఇంజన్లు ఆయన చేతి మీదుగానే నడిచేవి. నారుమళ్ళ రోజుల్లో కొల్లూరు నుంచి, భట్టిప్రోలు నుంచి రైతులు సైకిళ్ళ మీద వచ్చి మా అరుగు మీద కూర్చునేవాళ్ళు. ఇంటి ముందు గది, వసారా, నూతి గట్టు, అన్నీ ఆయన పనికే పోగా అమ్మకు వంటిల్లు ఒక్కటే మిగిలింది. ఇంట్లో రెండు పెద్ద సత్తు బేసిన్లుండేవి. ఒకటి బియ్యం కడగడానికి, రెండోది కిరసనాయిలు పోసి ఇంజను సామాన్లు కడగడానికి. అవి ఎక్కడ తారుమారు అవుతాయోనని అమ్మ తన బేసినుకు పసుపు గుడ్డ కట్టి ఉంచేది. బోల్టయినా, బేరింగయినా, పిస్టనయినా మా ఇంట్లో కిరసనాయిల్లో మునిగి లేస్తేనే శుభ్రమైనట్టు లెక్క. నాన్న సాయంత్రం నూతి దగ్గర కూర్చుని తవుడుతో చేతులు రుద్దుకునేవాడు. జిడ్డు పోయేది గానీ వాసన పోయేది కాదు. అన్నం కలిపి నాకు ముద్ద పెడితే గోంగూర పచ్చడి వెనకాల సన్నగా కిరసనాయిలు తగిలేది. నాన్న గొంతు పెంచి మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు. ఇంజను చప్పుళ్ళ మధ్య బతికినవాడు కాబట్టి ఇంట్లోనైనా నిశ్శబ్దంగా ఉండాలనుకునేవాడేమో. పొడుగాటి స్క్రూ డ్రైవరు ఒక కొస ఇంజను మీద ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. లోపల ఏది అరిగిందో చెప్పేసేవాడు.

ఒక్క సంగతి ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది. నాన్న బాగుచేసినవన్నీ ఉన్నచోటనే తిరిగే ఇంజన్లు. సిమెంటు దిమ్మ మీద బోల్టులు వేసి బిగిస్తారు, అక్కడే ఏళ్ళ తరబడి తిరుగుతాయి. వాటిని నడిపించడం ఒక్కటే ఆయన నేర్చుకున్న విద్య. పరుగెత్తే దాన్ని ఆపాల్సిన అవసరం ఆయనకు ఎప్పుడూ రాలేదు. పైగా మాది పళ్ళెంలాంటి నేల. తెనాలి నుంచి రేపల్లె దాకా సైకిలు తొక్కకుండా వదిలేస్తే నాలుగు బారలు వెళ్ళి అదే ఆగిపోతుంది. బ్రేకు అనేది ఒకటుండాలని మా వైపు మనుషులకు గట్టిగా అనిపించాలంటే కృష్ణ కరకట్ట ఎక్కి దిగాలి.

ఆ కారు రేపల్లె నుంచి వచ్చింది. అమ్మ పుట్టిల్లు రేపల్లె. అక్కడొక పేరున్న డాక్టరు గారు పోయాక ఆయన ఇల్లు అమ్మేస్తున్నారు. నూతి మోటారు విప్పడానికి వెళ్ళిన నాన్నకు వెనక గొడ్లపాకలో వరిగడ్డి కింద అది కనపడింది. పాక ఖాళీ చేస్తే చాలు తీసుకుపొమ్మన్నారట. ట్రాక్టరు తొట్టిలో తెచ్చి దించారు. సీట్లలో ఎలుకలు, కింద చెక్కల్లో చెదలు, ఇంజను బిగుసుకుపోయి ఉంది. అమ్మ తలుపు దగ్గరే ఆగిపోయి, "ఇదా! ఇది డాక్టరు గారిది కదూ?" అంది. చిన్నప్పుడు బడికి వెళ్తూ అమ్మ ఆ కారుకు తోవ ఇచ్చి పక్కకు నిలబడేదట. డాక్టరు గారి భార్య తలకు గులాబీ రంగు గుడ్డ కట్టుకుని పక్కన కూర్చునేదట. ఒకరోజు ఆమె అమ్మను చూసి నవ్విందట. అమ్మ అదంతా ఒక్క గుక్కలో చెప్పి, వెంటనే మొహం గట్టి చేసుకుని, "ఏంటండీ ఇది, బయట పారేయండి. నేల మీద చతికిలబడి పోయే బండి. లారీ కిందకు దూరిపోతుంది" అంది. అమ్మకు లారీ అంటే ఎంత భయమో మాకు తెలుసు. వాళ్ళ అన్నయ్య సైకిలు మీద వెళ్తూ లారీ కింద పడి పోయాడు. అందుకని నాన్న నవ్వలేదు. "దీన్ని అద్దాల బీరువాలో పెట్టడానికి తేలేదు. బాగుచేసి మనం తిరుగుదాం. ముందు నిన్ను రేపల్లె తీసుకెళ్తా" అన్నాడు.

రెండేళ్ళు పట్టింది. పగలు ఊళ్ళ మీద ఇంజన్లు, సాయంత్రం ఇంట్లో కారు. దాని అసలు రూపు ఎలా ఉండేదోనన్న యావ నాన్నకు లేదు. నడవాలి, నడుపుతుంటే మనసుకు హాయిగా ఉండాలి, మధ్యలో ఆగితే తను బాగుచేయగలగాలి, అంతే. చేతికి దొరికిన మంచి వస్తువు పెట్టాడు. సీట్లలో కొబ్బరి పీచు నింపి రెక్సిను వేయించాడు. డ్రైవరు సీటు గట్టిగా ఉండాలన్నాడు, పక్క సీటు మాత్రం మెత్తగా ఉండాలని రెండుసార్లు విప్పించాడు. నేను బి.ఎస్సీ. చదువుతున్నాను. కాలేజీ నుంచి రాగానే పుస్తకాలు పడేసి ఆయన పక్కన కూర్చునేదాన్ని. అప్పటికే నాకు ఆ కారంటే భయం. అమ్మ భయం నాకు అంటుకుందో ఏమో, మొదటిసారి ఇంజను పలికిన సాయంత్రం వీధంతా చప్పట్లు కొడుతుంటే నేను గుమ్మంలోకి వెనక్కి జరిగాను. అంతవరకూ అది ఇనుము. ఆ క్షణం నుంచి అది మా నాన్నను ఎక్కడికైనా మోసుకుపోగల వస్తువు. నాన్న మొహం చూస్తే పదేళ్ళు చిన్నవాడైపోయాడు. ఆ మొహం చూసి నేనేమీ అనలేకపోయాను.

బ్రేకులు నేనే చేస్తానని అడిగి మరీ తీసుకున్నాను. అందుకు కారణం భయమే. ఎవరు చేసినా నాకు నమ్మకం కుదరదనిపించింది. బ్రేకు తొక్కితే నూనె గొట్టాల్లోంచి వెళ్ళి చక్రాల దగ్గర పట్టీలను తోస్తుంది. ఆ నూనె పక్కకు కారిపోకుండా అర్ధరూపాయంత నల్ల రబ్బరు గిన్నెలు లోపల ఉంటాయి. వాటిని మద్రాసు నుంచి తెప్పించాం. చిన్న డబ్బాలో ఇంగ్లీషు కాగితంతో వచ్చాయి. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగింది నేనొక్కదాన్నే. నేనే ఆ కాగితాన్ని మడిచి, ఊగుతున్న స్టూలు కాలి కింద పెట్టాను. ఆ రోజు నాన్న భట్టిప్రోలు వెళ్ళాడు. డబ్బా విప్పితే రబ్బర్ల మీద తెల్లటి పొడి, ఎక్కడో దుమ్ము. అంత ముఖ్యమైన సామాను అలా మురికిగా బిగించడానికి నా చేయి ఆడలేదు. బేసిన్లో కొత్త కిరసనాయిలు పోశాను. ఒక్కొక్క రబ్బరును వేలితో తిప్పి తిప్పి కడిగాను, పాత వాయిలు చీర ముక్కతో తుడిచాను, మళ్ళీ కడిగాను. లోపలికి సులువుగా జారాలని ఇంజను ఆయిలు పల్చగా రాశాను. దేవుడి సామాను తోమినంత శ్రద్ధగా చేశాను. నాన్న వచ్చి పెడలు తొక్కి చూశాడు. రాయిలా నిలబడింది. "ఇంత గట్టిగా నేనూ చేయలేనే" అన్నాడు.

ఇక ఆ మాట మొదలుపెట్టాడు. టీ కొట్టు దగ్గర, మిల్లు దగ్గర, గుళ్ళో పూజారి గారితో కూడా, "బ్రేకులు మా అమ్మాయే బిగించిందండి" అని. ఎప్పుడూ ఎవర్నీ పొగడని మనిషి. మూడు రోజులు తెనాలి వీధుల్లో తిప్పాడు. బ్రేకులు చక్కగా పట్టాయి. నాలుగో రోజు పొద్దున్న కాఫీ తాగుతూ, "రేపు రేపల్లె వెళ్దామా?" అని అమ్మను అడిగాడు. అమ్మ రానంటుందనుకున్నాను. అమ్మ గ్లాసు కిందపెట్టి, "అమ్మాయి చేసిన బ్రేకులు కాబట్టి వస్తాను" అంది. ఆ తర్వాత పెట్టె తీసి గుడ్డలు వెతకడం మొదలుపెట్టింది. గులాబీ రంగుది లేదు. లేత నీలం జాకెట్టు గుడ్డ ముక్కొకటి దొరికితే అంచు కుట్టుకుంటూ కూర్చుంది.

ఆ మధ్యాహ్నమే నాన్న అరువు తెచ్చిన పానా ఒకటి తిరిగి ఇచ్చి రమ్మంటే సుభానీ మావయ్య షెడ్డుకు వెళ్ళాను. బస్టాండు దగ్గర కార్లు బాగుచేసేవాడాయన. నాన్నను అన్నయ్యా అని పిలిచేవాడు. ఆ సమయానికి ఎవరిదో టాక్సీ చక్రం విప్పి, లోపలి రబ్బరును వేళ్ళతో నొక్కుతూ పనివాడి మీద కేకలేస్తున్నాడు. నన్ను చూసి నవ్వి, "చూడు పాపా, వీడి తెలివి! రబ్బర్లకు డీజిలు తగిలించాడు. నువ్వు మీ నాన్న దగ్గర నేర్చుకున్నదానివి, నీకు తెలుసుగా. డీజిలైనా, కిరసనాయిలైనా, ఇంజనాయిలైనా తగిలితే ఇవి ఉబ్బిపోతాయి. బ్రేకు నూనెతోనో స్పిరిటుతోనో తప్ప కడగకూడదు" అన్నాడు. ఆ రబ్బరు నా చేతిలో పెట్టాడు. నానబెట్టిన శనగలా మెత్తగా ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను. కాసేపటికి, "మరి తొక్కితే గట్టిగానే ఉంటుందిగా మావయ్యా?" అన్నాను. "మొదట్లో ఉంటుందమ్మా. నాలుగైదు రోజులు బ్రహ్మాండంగా పడతాయి. ఆ తర్వాత పట్టేసి వదలవు, చక్రాలు కాలిపోతాయి, ఒకేసారి చేతులెత్తేస్తాయి. ఏంటి పాపా, అలా అయిపోయావేంటి? ఎండలో వచ్చావా?" అన్నాడు. "ఏం లేదు మావయ్యా" అని పానా అక్కడ పెట్టి వచ్చేశాను.

ఇంటికి వస్తున్నంతసేపూ చెప్పేద్దామనే అనుకున్నాను. ఒక్క మాట. నాన్నా, రబ్బర్లు కిరసనాయిల్లో కడిగాను, ప్రయాణం వద్దు. ఆయన తిట్టడు, కొట్టడు, నాకు తెలుసు. వాకిట్లోకి వచ్చేసరికి నాన్న అరుగు మీద కొల్లూరు రైతొకాయనతో, "ఆడపిల్లని తీసిపారేయకండి. నా తర్వాత ఈ పని నడిపేది అదే" అంటున్నాడు. నన్ను చూసి ఆ రైతు, "మా ఇంజను కూడా నువ్వే చూడాలమ్మా ఇంక" అన్నాడు. నేను లోపలికి వెళ్ళిపోయాను. అన్నాల దగ్గర గుండె చిక్కబట్టుకుని, "నాన్నా, బ్రేకులు ఇంకో వారం చూసి అప్పుడు దూరం వెళ్దాం" అన్నాను. "నీకెందుకు భయం, నువ్వు బిగించినవి. నాకున్న నమ్మకం నీకు లేదా?" అన్నాడు. అమ్మ కూడా నవ్వింది. చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయేది. ప్రతిసారీ అది మరింత బరువెక్కేది.

పొద్దున్నే నాన్న కారుకు పసుపు రాసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. అమ్మ జరీ అంచు నేత చీర కట్టుకుని, తలకు ఆ నీలం గుడ్డ కట్టుకుని వచ్చింది. ఒళ్ళో వాళ్ళ వదిన కోసం సున్నుండల డబ్బా. కూర్చోవడం తెలియక మొదట కాలు బయటే ఉండిపోయింది. నాన్న చేయి పట్టి కూర్చోబెట్టాడు. రెండు చేతులతో తలుపు పట్టీ పట్టుకుని, వీధిలో వాళ్ళంతా చూస్తుంటే బిగుసుకుపోయి, అయినా నవ్వుతోంది. అమ్మను నేను అంత అందంగా అంతకుముందు చూడలేదు. ఇంకో నిమిషంలో కారు వెళ్ళిపోతుంది. నేను తలుపు దగ్గరకు పరుగెత్తాను. నోటికొచ్చిన మాట నిజం కాదు. "దిగమ్మా. కష్టపడింది నేను, మొదట వెళ్ళేది నేను" అన్నాను. అమ్మకు అర్థం కాలేదు. "అదేంటే, రేపు నువ్వు వెళ్దువుగాని" అంది. "తలకు ఆ గుడ్డేంటి? డాక్టరు గారి పెళ్ళాన్ననుకుంటున్నావా? అందరూ నవ్వుతున్నారు" అన్నాను. ఎవరూ నవ్వడం లేదు. అమ్మ ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. తర్వాత గుడ్డ ముడి విప్పి, డబ్బా నా చేతికిచ్చి, ఎవరి సాయమూ లేకుండా దిగింది. లోపలికి వెళ్తూ వెనక్కి తిరగలేదు. నాన్న, "ఏంటమ్మా అలా మాట్లాడావు?" అన్నాడు. నేను పుట్టి బుద్ధెరిగాక ఆయన నన్ను మందలించింది ఆ ఒక్కసారే. నేను అమ్మ వెచ్చదనం ఇంకా ఉన్న ఆ సీట్లో కూర్చున్నాను.

అమ్మ రావడం లేదు కాబట్టి కొల్లూరు మీదుగా కట్ట ఎక్కి వెళ్దామన్నాడు నాన్న, గాలి బాగుంటుందని. దారి పొడుగునా నేను పొలాలు చూడలేదు, కాలవలు చూడలేదు. నాన్న కుడికాలు చూస్తూ కూర్చున్నాను. ఆ కాలు బ్రేకు మీదకు వెళ్ళినప్పుడల్లా తలుపు పట్టీ గట్టిగా పట్టుకునేదాన్ని. అది పట్టినప్పుడల్లా, సుభానీ మావయ్య చెప్పింది మాకు వర్తించదేమో, నేను కడిగింది కొంచెంసేపే కదా అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. ఇప్పుడైనా చెప్పొచ్చు, కారు ఆపితే దిగిపోవచ్చు. ఊరు దాటాక చెబుదాం, ఆ వంతెన దాటాక చెబుదాం అనుకుంటూ మైళ్ళు గడిపాను. కట్ట ఎక్కేటప్పుడు కారు బరువుగా లాగింది. "కొత్త పట్టీలు కదా, పట్టేస్తున్నట్టున్నాయి" అన్నాడు నాన్న. కట్ట మీద కొంతదూరం వెళ్ళాక కాలిన వాసన వచ్చింది. "ఏదో కాలుతోంది నాన్నా" అన్నాను. "లంకల్లో అరటాకులు తగలబెడుతుంటారులే. కిందకు దిగి నీళ్ళ దగ్గర ఆపి చూద్దాం" అని కారును లంక వైపు దిగే బాటలోకి తిప్పాడు.

ఆ బాట మా వైపు మనుషులకు కొండే. సగం దిగేసరికి నాన్న కాలు బ్రేకు మీద పడింది, పెడలు చెక్క దాకా వెళ్ళిపోయింది. రెండోసారి తొక్కాడు. మూడోసారి తొక్కాడు. "పోయింది" అన్నాడు, బజార్లో కూరల సంచి మర్చిపోయినవాడిలా. చేతి బ్రేకు లాగాడు. చక్రాలు మూలిగాయి గానీ ఆగలేదు. కింద అరటిగెలల బండి ఒకటి అడ్డంగా ఉంది, దాని పక్కన గంపలు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ళు. వాళ్ళు ఇటు చూడటం లేదు. నాన్న గేరును బలవంతాన కిందకు తోశాడు, ఇంకా కిందకు తోశాడు, ఇంజను ఆపేశాడు. ఇంజను ఏడ్చినట్టు అరిచింది. నేను అరిచానో లేదో నాకు తెలియదు. అమ్మ ఇక్కడ లేదు, అమ్మ ఇక్కడ లేదు, అదొక్కటే తలలో తిరిగింది. నాన్న ఎడం చేత్తో నన్ను సీటుకు అదిమిపెట్టి, కుడిచేత్తో స్టీరింగు తిప్పి అరటితోటలోకి పోనిచ్చాడు. బోదెలు విరుగుతున్న చప్పుడు, మొహం మీద చల్లటి అరటి నీళ్ళు, ఆ తర్వాత అంతా ఆగిపోయింది. ఒక లైటు పగిలింది, నా మణికట్టు బీటిచ్చింది, సున్నుండలు తోటంతా దొర్లాయి. కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చిన తోట రైతు, "మీరా మేస్త్రీ గారూ! దారుండగా తోటలోకి వచ్చారేంటండి?" అన్నాడు. నాన్న నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు, స్టీరింగు పట్టిన చేయి వదల్లేదు. ఆయన భయపడటం నేను చూసింది అప్పుడే.

మర్నాడు వసారాలో నాన్న ఆ రబ్బర్లు బయటకు తీశాడు. నేను కట్టు కట్టిన చేయి ఒళ్ళో పెట్టుకుని గుమ్మం దగ్గర కూర్చున్నాను. ఉబ్బిన రబ్బరును వేలితో నొక్కి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. నా వైపు చూశాడు. ఇప్పుడు అడుగుతాడు, ఇప్పుడు అడుగుతాడు అని నా ఒళ్ళంతా చెవులైంది. వంటింట్లోంచి అమ్మ, "ఏమైందటండీ?" అంది. "నాదే పొరపాటు. రబ్బర్లు కిరసనాయిల్లో కడిగాను, కడక్కూడదట" అన్నాడు. అమ్మ తిట్ల దండకం మొదలుపెట్టింది. అవి ఆయన తల వంచుకుని విన్నాడు. నా చేయి కుదుటపడ్డాక మద్రాసు నుంచి కొత్త రబ్బర్లు తెప్పించి, స్పిరిటు సీసా, బ్రేకు నూనె డబ్బా, ఆ ఇంగ్లీషు కాగితం నా ముందు పెట్టి, "కాగితం చదివి బిగించు" అన్నాడు. "నువ్వు చెయ్యి నాన్నా" అన్నాను. "నువ్వే చెయ్యాలి" అన్నాడు. చేశాను. ఆ బ్రేకులతో ఆయన ముప్పై ఏళ్ళు తిరిగాడు, నన్ను కాపురానికి బాపట్ల దించింది కూడా ఆ కారులోనే. ఆ విషయం మేమిద్దరం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. అమ్మ మాత్రం మళ్ళీ ఆ కారు ఎక్కలేదు. అందరూ భయం వల్ల అనుకున్నారు.

ఇప్పుడు ఆ కారును నేనే నడుపుతాను. ఆదివారం పొద్దున సూర్యలంక దాకా వెళ్ళి వస్తాను, ఉప్పుగాలి తగలకుండా వెంటనే కడిగి పెడతాను. ఏడాదికోసారి రబ్బర్లు మారుస్తాను, అవసరం ఉన్నా లేకున్నా. నా కొడుకు కారులో తలుపు సరిగా పడకపోతే బండే గంట కొట్టి చెబుతుంది, బెల్టు పెట్టుకోకపోతే పెట్టుకోమని గోల పెడుతుంది. ఏ తప్పు జరిగినా ఎవరు చేశారో ఎక్కడో ఒకచోట నమోదవుతుందట. మా రోజుల్లో ఒక మనిషి తప్పును ఇంకో మనిషి జేబులో వేసుకుని వెళ్ళిపోవచ్చు. అది మంచి కాలమని నేననలేను. ముప్పై ఏళ్ళు పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పాను. కిరసనాయిలు పాఠం వచ్చినప్పుడల్లా మంచినీళ్ళు తాగి మొదలుపెట్టేదాన్ని.

ఆ ఆదివారం లెక్చరర్ గారు వెళ్ళిపోయాక నేను వరండాలోకి వచ్చి అమ్మ పక్కన కూర్చున్నాను. అమ్మ ఇంకా నాన్నను తిడుతూనే ఉంది, పోయినవాళ్ళను తిట్టే ముద్దు తిట్లు. "అమ్మా, రబ్బర్లు కడిగింది నాన్న కాదు. నేను" అన్నాను. "ఆఁ?" అంది. నలభై ఏళ్ళు దాచిన మాటను పక్కింటివాళ్ళకు కూడా వినపడేట్టు అరిచి చెప్పాల్సి వచ్చింది. సుభానీ మావయ్య చెప్పింది, అన్నాల దగ్గర నా నోరు పెగలకపోవడం, తలగుడ్డ మీద నేనన్న మాట, ఎందుకన్నానో, అంతా చెప్పాను. ఆమె చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. "అందుకా నన్ను దించేశావు?" అంది. అవునని తలూపాను. నాకు ఏడుపు వస్తోంది. అమ్మ నన్ను దగ్గరకు తీసుకుంటుందనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఇన్నేళ్ళూ భయం అడుగున కొంచెం గర్వం కూడా ఉండేది, అమ్మను దించి ఆ సీట్లో నేను కూర్చున్నానని.

అమ్మ చేతిలోని చిక్కుడుకాయకు ఈనె తీసి పక్కన పెట్టింది. తర్వాత నా వైపు తిరిగి, "నన్ను దించావు సరే. ఆయన్నెందుకు దించలేదే?" అని అడిగింది.

ఈ ప్రశ్న నాకు ఒక్కసారి కూడా తోచలేదు. అమ్మను దించడానికి ఒక అబద్ధం చాలింది. నాన్నను దించాలంటే నిజం చెప్పాలి. అది చెప్పడం కన్నా ఆయన్ను ఆ స్టీరింగు ముందు కూర్చోనివ్వడమే నాకు తేలికైంది.

"భయమేసిందమ్మా" అన్నాను.

"ఎవరంటే?" అంది అమ్మ. "మీ నాన్నంటేనా?"